కారు మీద రోడ్డు పెయింటు చిందింది: గీతలు పడకుండా తీయడం ఎలా?

నీలికారు_తెనాలి
అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం గుంటూరు నుంచి ఇంటికి వస్తుంటే దారిలో రోడ్డుకు కొత్తగా గీతలు వేస్తున్నారు. పనివాళ్లు ఉన్నారు, బండి ఉంది, కోన్లు మాత్రం లేవు, బోర్డూ లేదు. ఇంటికొచ్చి చూస్తే కుడివైపు ముందు చక్రం వెనక నుంచి వెనక తలుపు దాకా తెల్లటి తుంపర. కింద రన్నింగ్ బోర్డు దగ్గర శనగగింజంత బొట్లు, పైకి వెళ్లే కొద్దీ ఆవగింజంత చుక్కలు. కారు ముదురు నీలం, మెటాలిక్. వీధి చివరి నుంచి కూడా కనిపిస్తోంది.

షాంపూతో కడిగాను, ఒక్కటీ కదలలేదు. ఒక పెద్ద బొట్టు అంచును గోటితో లేపితే కొంచెం లేచింది గానీ లోపల ఇసుక లాంటిదేదో తగిలింది. పక్కింటి ఆయన పెట్రోలు గుడ్డతో రుద్దమంటున్నారు. మా మెకానిక్ థిన్నర్ పెడితే నిమిషంలో పోతుందంటున్నాడు. ఎవరి మాట వినాలి?

కోరుకొండ_కుర్రాడు
పెట్రోలే మేలు. నా బైకు మీద తారు మరకలు దానితోనే తీస్తాను. పోకపోతే టూత్‌పేస్టు పెట్టి గట్టిగా రుద్దండి.

హనుమకొండ_మైక్రోఫైబర్
ఆగండి, ఆగండి. తారు వేరు, రోడ్డు పెయింటు వేరు. గోటికి ఇసుకలా తగిలిందన్నారే, అసలు విషయం అక్కడుంది. అవి సన్నటి గాజు పూసలు. రాత్రి పూట హెడ్‌లైట్ వెలుగుకు గీత మెరవాలని కలుపుతారు. వాటిని గుడ్డకింద పెట్టి రుద్దడమంటే గాజు పొడితో కారును తోమడమే. బొట్టు పోతుంది, దాని చుట్టూ సాలెగూడు లాంటి గీతలు మిగులుతాయి. ముదురు నీలం మీద అవి ఎండలో ఎలా కనిపిస్తాయో చెప్పక్కరలేదు.

తమ్ముడూ కోరుకొండా, పెట్రోలు సంగతి వేరే చెప్పాలి. వంటింటి పక్కన పోర్టికోలో కారు నిలిపి పెట్రోలు గుడ్డతో రుద్దే వాళ్లను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. దాని ఆవిరి నేల మీద పాకుతుంది, ఎక్కడో నిప్పు అందుకుంటుంది. ఆ సలహా ఇక్కడితో వదిలేద్దాం.

సైట్_ఇంజనీర్
రోడ్డు మార్కింగ్ పనులు చూసే వాడిని కాబట్టి పెయింటు వైపు నుంచి చెబుతాను. ముందు అది ఏ రకమో తేల్చుకోండి. మన రోడ్ల మీద ముఖ్యంగా రెండు రకాలు వాడతారు.

మొదటిది థర్మోప్లాస్టిక్. ఇది డబ్బాలో వచ్చే పెయింటు కాదు, సంచుల్లో పొడిగా వస్తుంది. బాయిలర్‌లో వేసి దాదాపు 180 నుంచి 200 డిగ్రీల దాకా కరిగించి, తోపుడు బండి లాంటి యంత్రంతో గీత లాగుతారు. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ నిర్దేశాల ప్రకారం గీత మందం 2.5 మిల్లీమీటర్లు ఉండాలి. తెల్ల గీతలో అతికించే రెసిన్ కనీసం 18 శాతం, టైటానియం డయాక్సైడ్ కనీసం 10 శాతం, గాజు పూసలు 30 నుంచి 40 శాతం, మిగిలింది సున్నపురాయి పొడి వంటి నింపుడు సరుకు. అంటే మీ తలుపు మీద పడిన బొట్టులో మూడో వంతు గాజే. ఇది చాలదని గీత వేడిగా ఉండగానే పైన చదరపు మీటరుకు 250 గ్రాముల పూసలు చల్లుతారు. పావు గంటలోపు బండ్లు తిరిగేంత గట్టిపడాలని నిబంధన. ఆ పావు గంటలో ఎవరైనా తొక్కితే టైరు దాన్ని చక్రం గూట్లోకీ, తలుపుల మీదికీ విసురుతుంది.

రెండోది మామూలు ద్రవ పెయింటు. పలచగా ఉంటుంది, స్ప్రేతోనో బ్రష్షుతోనో వేస్తారు. చిన్న రోడ్లకు, డివైడర్ల రాళ్లకు ఇదే ఎక్కువ. కొన్నిచోట్ల దీని మీద కూడా పూసలు చల్లుతారు, కాబట్టి ఇసుక తగిలినంత మాత్రాన మొదటి రకమేనని అనుకోకండి.

అక్కడ గ్యాస్ సిలిండరు, పొగ, కాలుతున్న వాసన ఏమైనా గమనించారా? ఉంటే థర్మోప్లాస్టిక్. గమనించకపోతే జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ తీసుకుని ఒక పెద్ద బొట్టుకు కాసేపు వేడి తగిలించండి. కొవ్వొత్తి మైనంలా కాస్త లొంగితే మొదటి రకం.

ఇంకొక మాట, కోపగించుకోవద్దు. మనం ఎడమ పక్క నడుపుతాం. చుక్కలు కుడి పక్క పడ్డాయంటే మీరు తొక్కింది మధ్య గీతను. ఎవరినో ఓవర్‌టేక్ చేస్తున్నారన్నమాట!

నీలికారు_తెనాలి
ట్రాక్టరు అండీ, ట్రాక్టరు. దాని వెనకే తెనాలి దాకా రమ్మంటారా?

సిలిండరు ఉంది, పొగ కూడా ఉంది. డ్రయ్యర్ పెట్టి చూశాను, బొట్టు మెత్తబడింది. థర్మోప్లాస్టికే.

షెడ్డు_మేస్త్రి
ఆటోనగర్‌లో డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు మాది. అందరూ థిన్నర్ అంటే భయపడుతున్నారు గానీ, కంపెనీ పెయింటు మీద థిన్నర్ ఒక తుడుపు తుడిస్తే ఏమీ కాదు. మేము రోజూ చేసే పనే. అయితే మూడు షరతులు. ఎండలో కాలిపోతున్న బాడీ మీద పెట్టకూడదు. గుడ్డను అక్కడే ఆనించి ఉంచకూడదు. ప్లాస్టిక్, రబ్బరు, లైటు అద్దాల జోలికి వెళ్లకూడదు.

అసలు ప్రశ్న మాత్రం ఇంకా ఎవరూ అడగలేదు. కారుకు ఎప్పుడైనా టచప్ చేయించారా? షెడ్డులో వేసిన రంగు అయితే లెక్క మారిపోతుంది.

నీలికారు_తెనాలి
మంచి ప్రశ్న అడిగారు. కుడి ముందు ఫెండర్‌కు నిరుడు గేటు తగిలితే మా ఊళ్లోనే పెయింటు వేయించాం. దాని మీద కూడా చుక్కలున్నాయి. ఏ పెయింటు వేశారో తెలియదు.

షెడ్డు_మేస్త్రి
అదిగో. నేను భయపడింది అందుకే. ఇప్పుడు ఒక పరీక్ష చేయండి. బానెట్ ఎత్తితే ఫెండర్ పై అంచు బోల్టుల దగ్గర లోపలికి మడిచి ఉంటుంది, అక్కడి దాకా అదే రంగు కొట్టి ఉంటారు. తెల్ల బనియన్ గుడ్డ కొసను కొంచెం థిన్నర్‌తో తడిపి అక్కడ రెండు మూడు సార్లు మెల్లగా తుడవండి. గుడ్డకు నీలం అంటితే అది హార్డెనర్ (రంగును గట్టిపరిచే మందు) కలపని చవక రకం పెయింటు. థిన్నర్ తగిలితే కరిగి చేతికొస్తుంది. గుడ్డ తెల్లగానే ఉంటే హార్డెనర్ కలిపిన పీయూ (పాలీయురెథేన్) పెయింటు కొట్టారని అర్థం, కొంత ధైర్యం చేయవచ్చు.

గుడ్డకు రంగు అంటితే ఆ ఫెండర్ మీద థిన్నర్ మాట మరిచిపోండి. పెట్రోలూ వద్దు.

కోరుకొండ_కుర్రాడు
బ్రేక్ ఆయిల్ పెడితే? మా స్నేహితుడు ఏ మరకకైనా అదే అంటాడు.

షెడ్డు_మేస్త్రి
బాబూ, పాత పెయింటు ఊడగొట్టాలంటే బ్రేక్ ఆయిల్ పోసి వదిలేసే వాళ్లున్నారు. ఒలికిన చోట పొంగి పొక్కులు వస్తుంది. మీ స్నేహితుడి చేతికి మీ బైకు ఇవ్వకండి.

రసాయనం_మాస్టారు
కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. మేస్త్రిగారు చేతిపనిగా చెప్పిన దానికి కారణం చెబుతాను, అప్పుడు ఏ సీసా తీయాలో మీకే తెలుస్తుంది.

కంపెనీలో కారు బాడీ మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దానిపైన ప్రైమర్, దానిపైన రంగు, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోట్ ఉంటాయి. అన్నీ కలిపి దాదాపు 100 నుంచి 130 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో క్లియర్ కోట్ 40, 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం కూడా ఉండదు. రోడ్డు గీతల్లో వాడే గాజు పూసల్లో పెద్దవి దీనికి పది రెట్లు పైగా ఉంటాయి. అలాంటి పూసను గుడ్డ కింద పెట్టి నొక్కితే ఏమవుతుందో ఊహించుకోండి. హనుమకొండ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం.

ఇక కరిగించడం. కంపెనీ క్లియర్ కోట్‌ను ఓవెన్‌లో కాలుస్తారు. కాలినప్పుడు దాని అణువులు ఒకదానికొకటి ముడిపడి వలలా అల్లుకుపోతాయి. ఆ వల తేలికపాటి ద్రావకాలకు లొంగదు. థర్మోప్లాస్టిక్‌లో అలాంటి ముడులుండవు. వేడికి మెత్తబడుతుంది, చల్లారితే బిగుస్తుంది, ద్రావకంలో ఉబ్బుతుంది. ఈ తేడాయే మనకు పనికొస్తుంది. రోడ్డు పెయింటుకు ఎక్కేదీ, క్లియర్ కోట్‌కు ఎక్కనిదీ కావాలి. పెయింటు దుకాణాల్లో దొరికే మినరల్ టర్పెంటైన్, డబ్ల్యూడీ-40 అనే తుప్పు వదిలించే స్ప్రే, కిరోసిన్ ఈ కోవలోవి. కిరోసిన్ ఇప్పుడు దొరకడమే గగనం, కాబట్టి టర్పెంటైన్ అనుకుందాం. థిన్నర్ చాలా ఘాటు. అందులో టోలిన్, అసిటోన్ లాంటివి ఉంటాయి. కంపెనీ పెయింటు ఒక తుడుపుకు తట్టుకుంటుంది, మేస్త్రిగారి మాట కాదనను. కానీ తట్టుకునేది మేస్త్రి చేతిలో. మన చేతిలో గుడ్డ ఎక్కడ ఆగుతుందో మనకే తెలియదు.

మేస్త్రిగారి గుడ్డ పరీక్ష బాగుంది. హార్డెనర్ కలిపిన పెయింటులో ముడులు పడతాయి, కలపని దానిలో పడవు. గుడ్డకు అంటడం, అంటకపోవడం చెప్పేది అదే.

హనుమకొండ_మైక్రోఫైబర్
మాస్టారు సీసా చెప్పారు, నేను చేతులు ఎలా ఆడించాలో చెబుతాను. ఈ పనిలో రుద్దడం అనే మాటే వద్దు. మెత్తబరచడం, ఎత్తడం, కడగడం. మళ్లీ మొదటి నుంచి.

ముందు పెద్ద బొట్లు. వీటికి సీసా అక్కరలేదు, వేడి చాలు. డ్రయ్యర్‌ను జానెడు దూరంలో ఆడిస్తూ బొట్టును వేడి చేయండి. పక్కన వేలు పెడితే చుర్రుమనే దశ రాకముందే ఆపండి. తర్వాత గడువు తీరిన ఏటీఎం కార్డు లాంటి ప్లాస్టిక్ అంచును దాదాపు పడుకోబెట్టి, బొట్టు కిందికి జరిపి పైకి లేపండి. తోయకండి, లేపండి. ఒకే ముక్కగా వస్తే పూసలు కూడా దానిలోనే ఇరుక్కుని వచ్చేస్తాయి, ఇంతకన్నా శుభ్రమైన పద్ధతి లేదు. ఒక్కో బొట్టుకూ కార్డు అంచు తుడవడం మరిచిపోవద్దు, పూస అతుక్కుని ఉంటుంది. రంగు వేసే వాళ్లు వాడే హీట్ గన్ తేవద్దు, అది వందల డిగ్రీలు కక్కుతుంది. బంపర్ అయితే క్షణాల్లో వంకర పోతుంది.

లేచిన చోట తెల్లటి పొరలాంటి మచ్చ మిగులుతుంది. దూదిని టర్పెంటైన్‌లో తడిపి ఆ మచ్చ మీద అతికించినట్టు పెట్టండి, పైన చిన్న ప్లాస్టిక్ కవరు ముక్క కప్పితే త్వరగా ఆరిపోదు. కొన్ని నిమిషాలు ఆగి దూదితో పాటు పైకి ఎత్తేయండి. చిన్న చుక్కలకూ ఇదే పద్ధతి. ఒక్కో దూది ఒక్కసారికే. ప్రతి విడతకూ నీళ్లు ధారగా పోసి పూసలు కొట్టుకుపోనివ్వండి. అప్పటిదాకా గుడ్డ ముట్టుకోవద్దు.

టచప్ చేసిన ఫెండర్ మీద టర్పెంటైన్ కూడా ముందు కనిపించని చోట చూసుకోండి. అక్కడ తేడా వస్తే వేడి, కార్డు తప్ప ఇంకేమీ వాడవద్దు.

రాత్రి_డ్రైవర్
నాదీ ఇలాంటి బాధే, వేరే పోస్టు ఎందుకని ఇక్కడే అడుగుతున్నాను. క్యాబ్ నడుపుతాను, తెల్ల సెడాన్. రాత్రి పూట డివైడర్ రాళ్లకు నలుపు, పసుపు కొడుతుంటే పక్కనే సిగ్నల్ దగ్గర ఆగాను. గాలికి పసుపు తుంపర ఎగిరి ఎడమ, కుడి అని లేకుండా బానెట్ మీద, అద్దం మీద పడింది. చూస్తే కనిపించదు, చేత్తో తడిమితే గరుకు కాగితంలా ఉంది. కస్టమర్లు ఏమీ అనడం లేదు గానీ నాకే మనసు ఒప్పడం లేదు.

హనుమకొండ_మైక్రోఫైబర్
అన్నయ్యా, మీది పూర్తిగా వేరే జబ్బు. ఇది ద్రవ పెయింటు తుంపర. మందం ఉండదు కాబట్టి కార్డుకు దొరకదు, వేడికి లొంగదు. దీనికి క్లే బార్ కావాలి. కార్ల సామాన్ల దుకాణంలో చిన్న ముద్దగా అమ్ముతారు, చూడటానికి పిల్లల ఆటమట్టిలా ఉంటుంది. కారు బాగా కడిగి, షాంపూ నీళ్లు పుష్కలంగా చల్లి, ఆ ముద్దను బరువు పెట్టకుండా ముందుకూ వెనక్కీ జరపండి. మొదట్లో గరగరమంటుంది, మెల్లగా చప్పుడు ఆగిపోతుంది. ఆగిందంటే అక్కడ పని అయినట్టు. ముద్దను మధ్య మధ్య మడిచి కొత్త ముఖం పైకి తేవాలి. కింద పడితే మాత్రం పారేయాల్సిందే, మట్టి రేణువులు అంటిన ముద్ద సాండ్ పేపర్‌తో సమానం.

అద్దం మీదికి మాత్రం షాంపూ నీళ్లు, కొత్త బ్లేడు. బ్లేడును ఏటవాలుగా పట్టుకుని ఒకే దిశలో లాగండి. గాజుకు సరే, హెడ్‌లైట్‌కు వద్దు. హెడ్‌లైట్ పైకి గాజులా కనిపించినా పాలికార్బొనేట్ ప్లాస్టిక్. దాని మీద బ్లేడు తగిలితే గీతలు పడతాయి, థిన్నర్ తగిలితే మసకబారి, వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి.

నీలికారు_తెనాలి
> క్లే బార్ కావాలి

నా చిన్న చుక్కలకూ ఇది పనిచేస్తుందా? టర్పెంటైన్ కన్నా సులువుగా అనిపిస్తోంది.

హనుమకొండ_మైక్రోఫైబర్
పనిచేస్తుంది గానీ మీకు మొదట అది వద్దు. మీ చుక్కల్లో గాజుంది. క్లే ముద్ద పూసను పట్టుకుని తలుపంతా తిప్పుతుంది. టర్పెంటైన్‌తో, నీళ్ల ధారతో పూసలన్నీ పోయాయని చేతివేళ్లకు నమ్మకం కుదిరాక చివర్లో ఒకసారి వాడండి.

అట్లాంటా_తెలుగు
ఇక్కడి పద్ధతి కూడా చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. అమెరికాలో థర్మోప్లాస్టిక్ ఉన్నా, నీళ్లలో కలిపే యాక్రిలిక్ పెయింటు కూడా చాలా ఎక్కువ వాడతారు. అందులో ఉండే అమ్మోనియా ఆవిరైపోగానే పెయింటు బిగుసుకుంటుంది. పడిన వెంటనే కార్ వాష్‌కు పోతే ప్రెషర్ నీళ్లకే చాలా మటుకు పోతుంది. నీళ్ల పెయింటే కదా, ఆదివారం కడుగుదాంలే అనుకుంటే నీళ్లకు చలించదు. ఒకసారి ఎండాక దాన్ని మళ్లీ నీళ్లలో కలపలేం.

ఇక్కడ కుడివైపు నడుపుతాం, మధ్య గీత పసుపు. కాబట్టి ఇక్కడి వాళ్ల బాధంతా డ్రైవర్ పక్క తలుపు మీద పసుపు చుక్కల గురించే. ఎండిపోయిన వాటికి చాలామంది పెట్రోలియం జెల్లీ దట్టంగా పూసి రాత్రంతా వదిలేసి, పొద్దున మెత్తబడిన దాన్ని కడిగేస్తారు. ఘాటు లేదు, మంట భయం లేదు, మన ఊళ్లో ప్రతి ఇంట్లో దొరుకుతుంది. ఆ టచప్ ఫెండర్‌కు ఇది ప్రయత్నించవచ్చేమో. నిదానం పని, అంతే.

సైట్_ఇంజనీర్
జెల్లీ ఆలోచన బాగుంది గానీ ఒక చిక్కుంది. థర్మోప్లాస్టిక్‌లో వాడే రెసిన్ రెండు రకాలు. పెట్రోలియం నుంచి తీసే హైడ్రోకార్బన్ రెసిన్ ఒకటి. రోజన్ అంటే పైన్ చెట్ల బంక నుంచి తయారయ్యే ఆల్కైడ్ రకం ఇంకొకటి. లారీల నుంచి ఇంజన్ ఆయిల్ కారే చోట్ల ఆల్కైడ్ వాడతారు, ఎందుకంటే అది నూనెకు తేలికగా లొంగదు. జెల్లీకి, డబ్ల్యూడీ-40కి, టర్పెంటైన్‌కు మీ చుక్కలు చలించకపోతే మీది ఆ రకం అయి ఉండవచ్చు. అప్పుడు నారింజ తొక్కల నూనెతో చేసిన తారు రిమూవర్లు దొరుకుతాయి, అవి ప్రయత్నించండి. ముందు కనిపించని చోట చూసుకునే నియమం వాటికీ వర్తిస్తుంది.

కోన్లు లేకపోవడం గురించి. తడి గీత దగ్గర కోన్లు పెట్టడం, బండ్లు మళ్లించడం పని చేసే వాళ్ల బాధ్యతే, అందులో సందేహం లేదు. కాంట్రాక్టరు ఎవరో స్థానిక రోడ్లు భవనాల శాఖ కార్యాలయంలో అడిగితే చెబుతారు. జాతీయ రహదారి అయితే 1033 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఏది చేసినా కారు శుభ్రం చేయకముందే ఫోటోలు తీసుకోండి. చుక్కలవే కాదు, ఆ చోట కిలోమీటరు రాయి, కోన్లు లేని రోడ్డు కూడా ఫోటోలో రావాలి. పనులు ముందుకు జరిగిపోతే అక్కడ కోన్లు ఉన్నాయో లేవో తేల్చే వాళ్లుండరు.

బీమా_బాబాయి
సర్వేయర్‌గా పనిచేసిన అనుభవంతో ఒక మాట. ఇలాంటి దానికి క్లెయిమ్ వేద్దామనుకునే వాళ్లు ముందు కాగితం మీద లెక్క వేసుకోండి. తప్పనిసరి మినహాయింపు, అంటే మన జేబులోంచి పెట్టుకోవాల్సింది, 1500 సీసీ లోపు కారుకు 1000 రూపాయలు, ఆ పైన 2000. జీరో డిప్రిసియేషన్ లేని పాలసీలో పెయింటు సామగ్రి మీద 50 శాతం తరుగుదల కోస్తారు. వీటన్నిటికన్నా పెద్ద దెబ్బ నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ వేయని ఏడాదులకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. అది మొదటి ఏడాది 20 శాతంతో మొదలై ఐదేళ్లకు 50 శాతానికి చేరుతుంది. క్లెయిమ్ వేస్తే మళ్లీ సున్నా. షెడ్డులో రబ్బింగ్, పాలిష్‌తో పోయే దానికి ఏళ్లుగా కూడబెట్టుకున్న బోనస్ వదులుకోవడం ఏం లెక్క? తలుపులు రెండూ మళ్లీ పెయింటు చేయాల్సి వస్తే అప్పుడు ఆలోచించండి.

నీలికారు_తెనాలి
అందరికీ కృతజ్ఞతలు. జరిగింది రాస్తున్నాను.

ఫెండర్ మీద మేస్త్రిగారి గుడ్డ పరీక్ష చేశాను. గుడ్డకు నీలం అంటింది, బాగానే అంటింది. అంటే మా మెకానిక్ మాట విని ఉంటే ఈపాటికి కింద ప్రైమర్ కనిపిస్తూ ఉండేది. అక్కడ పెద్ద బొట్లు వేడి, కార్డుతో లేపాను. చిన్న వాటికి అట్లాంటా అన్నయ్య చెప్పిన జెల్లీ పూసి రాత్రంతా ఉంచాను. సగం పైన పోయాయి, మిగిలినవి అలాగే ఉన్నాయి.

తలుపుల మీద మాత్రం పని హాయిగా సాగింది. పొద్దున్నే నీడలో మొదలుపెట్టాను. బొట్టు కిందికి కార్డు దూరగానే టప్పుమని చిన్న చప్పుడుతో ఊడి వస్తుంటే, నిజం చెప్పొద్దూ, సరదాగా అనిపించింది. మా ఆవిడ కూడా ఒక కార్డు పట్టుకుని వచ్చింది. ఊడిన ముక్కను ఎండకు పెట్టి చూస్తే విరిగిన అంచు నిండా గాజు పూసలు, ఒక్కొక్కటీ మెరుస్తూ. అది చూశాక ఇక గుడ్డతో రుద్దే ధైర్యం ఎవరికీ రాదు. టర్పెంటైన్ దూదికి చుక్కలు మెత్తబడ్డాయి గానీ ఒక్క విడతలో కాదు.

రెండు సందేహాలు మిగిలాయి. చుక్కలు పోయిన చోట కారు మెరుపు తగ్గి మసకగా ఉంది, క్లియర్ కోట్ దెబ్బతిన్నదా? రెండోది, చక్రం గూడు లోపల నల్ల ప్లాస్టిక్ నిండా తెల్లగా పేరుకుపోయింది. దాన్నేం చేయాలి?

షెడ్డు_మేస్త్రి
మసక గురించి బెంగ వద్దు. టర్పెంటైన్ పెట్టిన చోట పాత వాక్స్ పోతుంది, కొద్దిగా జిడ్డు మిగులుతుంది. షాంపూతో మళ్లీ కడిగి ఆరబెట్టి చూడండి. తడిగా ఉన్నప్పుడు మాయమై ఆరాక కనిపించే మసక అయితే పైపై సంగతే, పాలిష్‌తో పోతుంది. ముందు చేత్తో సన్నరకం పాలిష్ పెట్టి చూడండి. రబ్బింగ్ కాంపౌండ్ దాకా పోవద్దు, అది క్లియర్ కోట్‌ను నిజంగానే అరగదీస్తుంది. పాలిష్ అయ్యాక వాక్స్ తప్పకుండా పెట్టండి.

ఫెండర్ మీద మిగిలిన చుక్కలు అలాగే ఉండనివ్వండి, ఎప్పుడైనా ఇటు వస్తే షెడ్డుకు తీసుకురండి. ఆ చవక పెయింటు ఎలాగూ రెండేళ్లలో వెలిసిపోతుంది, అప్పుడు పీయూ వేయించుకుంటే చుక్కలూ అందులోనే పోతాయి. ఇప్పుడు దాని కోసం ఇంకా గోకడం దండగ.

చక్రం గూడు వదిలేయండి. చూసే వాళ్లెవరు? రాళ్లు తగిలీ, బురద తగిలీ కొంత రాలిపోతుంది. పెద్ద గడ్డ కట్టి టైరు తిరిగేటప్పుడు తగులుతుంటే మాత్రం చెక్క ముక్కతో పొడిచి రాల్చండి. అక్కడ టర్పెంటైన్, డబ్ల్యూడీ-40 స్ప్రే చేయడం అసలు వద్దు. ఒక్క చుక్క బ్రేక్ డిస్కు మీదో ప్యాడ్ మీదో పడితే రంగు సంగతి అలా ఉంచండి, బ్రేక్ పట్టదు.

రాత్రి_డ్రైవర్
క్లే బార్ తెచ్చాను. బానెట్ అయింది, చెయ్యి నూనె రాసినట్టు జారుతోంది. మిగతా కారు కూడా తడిమి చూశాను, పెయింటు పడని చోట్ల కూడా గరుకే ఉంది. అది ఏమిటి?

హనుమకొండ_మైక్రోఫైబర్
ఏళ్ల తరబడి పేరుకున్న బ్రేక్ దుమ్ము, ఇనుప రజను, చెట్ల జిగురు. క్లే ముద్ద ఇంకా మిగిలి ఉంటే అదీ కానిచ్చేయండి అన్నయ్యా. వెనక బంపర్ కింది భాగం చివర్లో చేయండి, అక్కడే మురికి ఎక్కువ, ఆ ముద్దతో మళ్లీ బానెట్ మీదికి రావద్దు.